చింతనీడలో చలికాలపు చుట్టము

దసరా వెళ్లి, కందిచేలు పసుపుపచ్చని పూత తొడుగుకొను దినములలో, మహబూబునగరము మొదలు దేవరకొండ వరకు గల యీ ఎఱ్ఱనేలల మీద ఏ ముదురు చింత క్రిందనో కొంతసేపు కదలక నిలిచినచో, ఎండుపుల్లపై గోటితో గీచినట్లు ‘ట్రిర్ర్’ మను పొడిశబ్ద మొకటి కొమ్మల నడుమనుండి వినవచ్చును. ఆ శబ్దము చేయునది పిచ్చుక కంటెను చిన్నదైన ఈగపట్టుపిట్ట. దాని పొడవు 11, 12 సెంటీమీటర్లకు మించదు. తూకము 10 గ్రాములకు అటునిటుగా నుండును.

పుస్తకములోని బొమ్మను చూచి వచ్చినవారు మొదట నారింజవన్నె గొంతు కొరకు వెదకుదురు. కానక, ఇది వేరొక పిట్టయని మరలిపోవుదురు. ఆ వన్నె ఈడు వచ్చిన మగపిట్టకే కలదు. ఆడదానికిని, పిన్నవయసు మగదానికిని గొంతు మాసిన తెలుపే. కావున గొంతును విడిచి తోకను చూడవలెను. కూర్చున్న రెమ్మపై అది రెక్కలను కొంచెము వ్రేలవైచి, తోకను చివాలున పైకెత్తి మెల్లగా దింపును. ఎత్తినప్పుడెల్ల నల్లని తోక మొదలున ఇరుప్రక్కల రెండు తెల్లని మచ్చలు తళుక్కుమనును. అంతలో గాలిలోనికి దుమికి, ఎగురు దోమ నొకదానిని అందుకొని, వేరొక రెమ్మపై వాలును. ఒక్కొక్కమారు నేలకు దిగి, రాలిన ఆకులపై పురుగు నేరుకొని, క్షణములో మరల నీడ చేరును.

సైబీరియా అడవులలో పుట్టు దాయాది యొకటి దీనికి కలదు. పూర్వము పండితులు రెంటిని ఒక్క జాతిగనే గణించిరి. అది చలికాలమున ముఖ్యముగా మన దేశపు తూర్పు, ఈశాన్య భాగములకు వచ్చును. దాని క్రిందిముక్కు నల్లన, మన పిట్టది మొదలున లేతవన్నె. దాయాది మగపిట్ట చలికాలమున గొంతుపై ఎఱుపును కోల్పోవును, మనది నిలుపుకొనును.

మన పిట్ట పుట్టినిల్లు తూర్పు ఐరోపా, రష్యా దేశముల అడవులు. అచటి చిన్నపక్షులు పెక్కు శీతకాలము రాగానే దక్షిణముగా ఆఫ్రికాకు పోవుచుండగా, 10 గ్రాముల ఈ ప్రాణి మాత్రము ఆగ్నేయమునకు మరలి, వేలకొలది కిలోమీటర్లు దాటి మన చింతతోపును చేరుచున్నది. ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మన పొలిమేరలలో మరియొకటి యున్నదని నేననుకొనను.

1931–32లో పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షుల నన్వేషించుచు నల్లమలలోని ఫరహాబాదు వరకును వచ్చి, చూచిన ప్రతిపక్షికిని స్థలమును, తేదీని వ్రాసికొనెను. ఆ పని చేయుటకు మనకు అడవియు అక్కఱలేదు. ఊరి ప్రక్క ముదురు చెట్టును, ఒక నోటుపుస్తకమును చాలును. ఈ యేట ఆ పొడిశబ్దము మొదట వినిన దినమును, ఉగాది దాటిన పిదప కడపట వినిన దినమును వ్రాసి యుంచుడు. ఆ చెట్టును మాత్రము కొట్టనీయకుడు.