గుర్రం మోకాలు ఎక్కడుందో చెప్పండి

మా మనవడు నోటుబుక్కులో గుర్రాన్ని గీసినాడు. తల కుదిరింది, జూలు కుదిరింది. వెనకకాళ్ళ దగ్గరికొచ్చేసరికి తిప్పలు మొదలైనాయి. "తాతా, దీని మోకాలు వెనక్కి వంగుతుందేంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడు కాఫీ చల్లారిపోయినా ఫరవాలేదు. రండి, మీరూ కూర్చోండి.

అరచేతిని నేల మీద బోర్లా పెట్టండి. ఇప్పుడు మణికట్టును పైకెత్తండి. ఇంకా పైకి. నడివేలి కొస ఒక్కటే నేలకు ఆనాల. నొప్పిగా ఉందా? గుర్రం పుట్టినప్పటి నుంచి నిలబడేది అట్లనే. గిట్ట అంటే దాని నడివేలి గోరు. ముంగాలిలో మనం మోకాలనుకునేది దాని మణికట్టు. వెనకకాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, తోలు మాటున ఉంటుంది. వాడు గీసింది తప్పేం కాదు, పేరే తప్పు.

మిగతా వేళ్ళేమైనాయంటారా? సుమారు 5.5 కోట్ల ఏళ్ళ కిందట గుర్రాల పూర్వీకులు నక్కంత ఉండేవి. వాటికి ముంగాళ్ళకు నాలుగేసి, వెనకకాళ్ళకు మూడేసి వేళ్ళు. అడవులు పలచబడి గడ్డిమైదానాలు పెరిగినాక పరుగే బతుకైంది. తరతరాలుగా పక్కవేళ్ళు సన్నబడిపోయి నడివేలు మిగిలింది. వాన పడిన చేలో నడిస్తే చెప్పులకు బంకమన్ను అంటుకుని కాలెత్తడమే గగనమవుతుంది కదా? కాలి కొసన బరువుంటే అంతే. అందుకే గుర్రం కండ ఎక్కువగా తొడలోనూ భుజంలోనూ ఉంటుంది, కింద ఎముకా, కండను ఎముకకు కట్టే తాళ్ళలాంటి స్నాయువులే. కాలు నేలను తాకినప్పుడు ఆ స్నాయువులు సాగి, లేచేటప్పుడు తిరిగి ముడుచుకుంటాయి. పరుగులో కొంత పని అవే చేసిపెడతాయి.

గుర్రం తోలు కింద ఏముందో కళ్ళారా చూడాలని జార్జ్ స్టబ్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1750ల్లో ఒక పల్లెటూళ్ళో ఇల్లు తీసుకుని, చచ్చిన గుర్రాలను పొరపొరగా కోసి నెలల తరబడి బొమ్మలు గీసినాడు. ఆ కంపు ఎట్లుండిందో ఊహించుకోండి! ఆ బొమ్మల ఆధారంగా 1766లో పుస్తకం వచ్చింది. ఆయన వేసిన విసిల్‌జాకెట్ అనే పందెం గుర్రం బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెనక చెట్టు లేదు, కొండ లేదు, ముంగాళ్ళెత్తిన గుర్రం ఒక్కటే. గుర్రం కాళ్ళు చూడాలంటే లండన్ దాకా పోనక్కరలేదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదోనాటి రాత్రి మలయప్పస్వామి అశ్వవాహనమెక్కి వస్తాడు కదా, ఈసారి జనంలో తోసుకోకుండా ఆ గుర్రం కాళ్ళు కూడా చూడండి.

మన దేశంలో గుర్రం బొమ్మంటే చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్. 1915లో పండరిపురంలో పుట్టినాడు, బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి కడుపు నింపుకున్నాడు, చెప్పులేసుకోకుండా తిరిగినాడు. మనూళ్ళలో పీర్ల పండగ చేస్తామే, ఆ మొహర్రం ఊరేగింపు గుర్రాన్ని చిన్నప్పుడు చూసినాడట. అది మనసులోంచి పోలేదు. 1952లో చైనా పోయి అక్కడి సిరా గుర్రాలనూ చూసినాడు. తొంభై దాటినా గుర్రాన్ని వదల్లేదు. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 'సినిమా ఘర్' అనే మ్యూజియం పెట్టింది కూడా ఆయనే. 2011లో లండన్‌లో పోయినాడు.

ఆయన గుర్రాలు మెడ విరుచుకుని నోరు తెరుచుకునుంటాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. ఎంత రొప్పినా గాలి ముక్కులోంచే పోవాల. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి, ముక్కుపుటాలు అంతంత వెడల్పవుతాయి. మరి నోరెందుకు తెరిచినట్టు? హుస్సేన్ గుర్రం రొప్పడం లేదు, సకిలిస్తోంది. అది నా లెక్క.

దౌడు గురించి ఇంకో కత. వందల ఏళ్ళు చిత్రకారులు పరిగెత్తే గుర్రాన్ని ముంగాళ్ళు ముందుకూ వెనకకాళ్ళు వెనక్కూ చాచి, పొట్ట నేలకు ఆనేట్టు గీసినారు. కంటికి అట్లనే తోస్తుంది మరి, ఆ వేగాన్ని కన్ను పట్టుకోలేదు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు దారి పొడుగునా 12 కెమెరాలు పెట్టి, అడ్డంగా దారాలు కట్టినాడు. గుర్రం తగిలిన దారమల్లా ఒక ఫొటో తీసింది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణం నిజంగానే ఉంది. కానీ అప్పుడు కాళ్ళు చాచుకుని లేవు, పొట్ట కిందికి ముడుచుకునున్నాయి! పాత బొమ్మలన్నీ లెక్క తప్పినాయి. అంతమాత్రాన వాటిలో పరుగు లేదంటే మాత్రం నేనొప్పుకోను.

ఇక గుర్రాలను గుడ్డ మీద కలంతో గీసే మన శ్రీకాళహస్తి కలంకారీ. గుడ్డను కరక్కాయ, బర్రెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని వెన్న వల్ల గీత పాకదు. ముందు చింతపుల్ల బొగ్గుతో చిత్తు గీసుకుంటారు. తర్వాత ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కసీం నీళ్ళను, ఉన్ని చుట్టిన వెదురు కలంతో గీస్తారు. కరక్కాయ వగరుకు ఇనుము తగలగానే గీత నల్లబడి గుడ్డలో పాతుకుపోతుంది. చెరపడానికి లేదు, గుర్రం మెడ వంకర పోతే పోయినట్టే. ఈ పనికే జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

కాళహస్తికి పోయినప్పుడు దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కేయకండి. కలంకారీ పనిచేసే ఇంటికి పోయి గీతోపదేశం పటం చూపించమని అడగండి. రథానికి కట్టిన గుర్రాల వెనకకాళ్ళు చూసి, మడమ ఎక్కడుందో మీ పిల్లకాయల చేత వేలు పెట్టి చూపించండి.