రాత్రి కొలువు - భోజన వేళ

మా ఇబ్రహీంపట్నం పక్కన ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు, విమానభాగాల కర్మాగారాలు వచ్చాక, రాత్రి డ్యూటీ చేసేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "తెల్లవారి ఇంటికి వచ్చాక ముందు తినాలా, పడుకోవాలా?"

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో దీనికి సమాధానమిచ్చాడు. అలవాటు లేని జాగరణ చేసినవాడు మేల్కొన్న కాలంలో సగం, మరునాటి ఉదయం భుజించకుండానే నిద్రించాలి. వారం వారం షిఫ్టు మారేవారికి ఏ జాగరణా అలవాటు కాదు కదా! జాగరణ వాతాన్ని పెంచుతుంది. తిని పగలు పడుకుంటే కఫం కూడా తోడవుతుంది.

అమెరికాలో బోస్టన్ పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో రాత్రులు మేల్కొల్పి పరీక్షించి, 2021లో ఫలితాలను ప్రకటించారు. రాత్రివేళ కూడా తిన్నవారి రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో చెప్పుకోదగిన పెరుగుదల లేదు. పరీక్ష చిన్నదే, మధుమేహం ఇంటింటా ఉన్న మనకు మాత్రం కొట్టిపారేయదగినది కాదు.

కనుక నిద్ర లేచాక ఒకసారి, డ్యూటీకి బయలుదేరే ముందు ఒకసారి కడుపునిండా భుజించండి. అర్ధరాత్రి క్యాంటీన్ బిర్యానీ వద్దు. ఆకలికి ఆగలేకపోతే గుప్పెడు పేలాలు చాలు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం వైద్యుని అడగకుండా భోజన వేళలు మార్చరాదు.

పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించండి. గృహిణులకు ఒక మనవి: ఆ గది కిటికీలకు ముదురు రంగు తెరలు కట్టి, కుక్కరు ఈలలు కాస్త ఆలస్యం చేయండి.