అంకెలలో కట్టిన గని

కోలారు బంగారు గనుల ప్రాంతమున పెద్దలు ‘ఎయిర్ బ్లాస్టు’ అను మాటను నేటికిని మరువలేదు. భూగర్భమున ఒక్క పెద్ద ధ్వని పుట్టును. పైన ఇండ్ల గోడలు అదరును. లోనికి పనికి పోయినవారి ఆలుబిడ్డలు వీథిలోనికి వచ్చి నిలుతురు. పేరులో గాలి యున్నను దోషము రాతిది. శాస్త్రజ్ఞులు దీనిని రాక్ బరస్టు అందురు.

ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. ఘనమీటరు రాయి సుమారు 3 టన్నులు తూగుననుకొన్నచో, అంత లోతున ప్రతి చదరపు మీటరుపై ఎంత భారముండునో విద్యార్థులే గుణించి చూడవచ్చును: 9,000 టన్నులు! ఖనిజమును త్రవ్వి తీసినంత మాత్రమున ఈ బరువు తొలగదు. పల్లకీ బోయీలలో ఒకడు ప్రక్కకు తప్పుకొన్నచో అతని వంతు మిగిలినవారి భుజములపై పడును గదా! అటులే త్రవ్వకముల నడుమ విడిచిన రాతి స్తంభములపై ఒత్తిడి పెరుగును. మెత్తని రాయి మెల్లగా నలిగి లొంగును. కోలారు రాయి గట్టిది. కడవరకు ఓర్చి, ఒక్కసారిగా పగులును.

త్రవ్విన చోట్ల గ్రానైటు గోడలు పేర్చి ఆపు పెట్టిరి. అయినను, ఏ భాగమును ముందు త్రవ్వవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న మిగిలెను. ఇట్టిచోటనే కంప్యూటరు నమూనా అక్కరకు వచ్చును. ఇంజనీర్లు రాతిని వేలకొలది చిన్న భాగములుగా ఊహించి, ఒక్కొక్కదాని బలమును, ఇరుగుపొరుగు భాగముల నుండి దానిపై పడు ఒత్తిడిని సమీకరణములుగా వ్రాయుదురు. యంత్రము వానిని సాధించును. నిజమైన గనిలో ఒకసారి త్రవ్విన పిమ్మట మరల మొదలుపెట్ట వీలులేదు. నమూనాలో పది విధముల త్రవ్వి చూడవచ్చును, ఎవరికిని గాయము తగులదు.

కాని ఆ అంకెలకు సాక్ష్యము రాతి నుండియే రావలెను. అందుకై గనిలో జియోఫోనులను అమర్చిరి. ఒకే ప్రకంపన వేర్వేరు పరికరములకు వేర్వేరు క్షణములలో చేరును. ఆ తేడాను బట్టి పగులు పుట్టిన చోటు తెలియును. లెక్క నెమ్మది అనిన చోట రాయి చిటపటలాడుచున్నచో, రాతి మాటనే నమ్మవలెను. అచటికి మనుష్యులను పంపుట తగదు.

ఇట్టి పరిశోధనకై 1988లో కేజీఎఫ్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ ఏర్పడెను. ఆ సంస్థ విద్య పిదప సొరంగములకు, భూగర్భ విద్యుత్కేంద్రములకును పనికివచ్చినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఆ తరువాత లోతులలో నీరు నిండుచుండగా కూడ ప్రకంపనలు నమోదైనవి.