అద్దెయింటి అలంకారము

మన సంఘసభ్యులలో కొందరు పిల్లల చదువుల నిమిత్తమో, చేతికి వచ్చిన పైకము నిలువయుండునను తలంపుననో హైదరాబాదు నగరమున చిన్న యిండ్లు గాని, ఇండ్లలో నొక పోర్షను గాని కొని అద్దెల కిచ్చుచున్నారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములలో ఇట్టి యిండ్లు గల సభ్యులు, “ఇంటి నే విధముగా నలంకరించినచో అద్దెదారులు మెచ్చి వత్తురు? అందులకెంత వ్యయము చేయదగును?” అని మమ్మడుగుచున్నారు. మాకు తోచిన సమాధానము నిచట విన్నవించుచున్నాము.

విత్తుటకు ముందు నేల నెరుగవలయును. అట్లే అలంకరించుటకు ముందు వచ్చువారెవరో యెరుగవలయును. అశోక్‌నగరు, చిక్కడపల్లి వీధులు సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువువారికి నెలవులు. శిక్షణాలయములును, పుస్తకముల దుకాణములును, నగర కేంద్ర గ్రంథాలయమును అచటనే గలవు. నారాయణగూడలో కళాశాలలున్నవి. 2020వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఈ త్రోవలో మెట్రోరైలు ఆరంభమైనది. చిక్కడపల్లికిని, నారాయణగూడకును స్టేషను లేర్పడినవి. కావున ఇచట గది వెదకువారిలో అనేకులు పల్లెలనుండి వచ్చిన రైతుబిడ్డలే. మన సభ్యులలో ఇల్లు అద్దెకిచ్చు రైతుకును, తన కుమారుని అద్దెగదిలో నుంచిన రైతుకును కావలసిన దొక్కటే: బిడ్డ సుఖముగా చదువుకొనదగిన గది.

వీరు కొలది దినములుండి పోవువారు కారు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రము వెల్లడియైన కారణమున 2023 మార్చిలో రద్దయినది. జూనులో మరల జరిగిన పరీక్షను సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము రద్దుచేసినది. ఇట్టి సందర్భములలో ఆరు నెలలకని వచ్చినవాడు రెండేండ్లుండవలసి వచ్చును. అన్నాళ్లును ఆ గది గోడలనే చూచుచు చదువవలయును.

సంతలో ఎద్దు కొమ్ములకు నూనె రాచి, మెడకు గంటలు కట్టి తెచ్చినను, తెలిసిన రైతు నోరు తెరచి పండ్లు చూచును. అద్దెయింటి విషయమును నంతే. మన సభ్యుడొకరు గోడపై చెమ్మ మచ్చలుండగా, వానిపై నిగనిగలాడు నూనెరంగు పూయించి, పువ్వుల కాగిత మంటించి, టు-లెట్ బోర్డు కట్టిరి. వారము లోపలనే అద్దెదారులు వచ్చిరి. తొలకరి వానలకు రంగు బొబ్బలెక్కి రాలెను; కాగితము వెనుక బూజు పట్టెను; పుస్తకములు తడిసెను. అద్దెదారులు మూడవ నెలలో ఖాళీచేసిరి. రంగునకైన సొమ్మును, ఖాళీగానున్న నెలల అద్దెయు రెండును నష్టమయ్యెను. మొదటనే మేడపైని పగులు పూడ్పించినచో ఇంతకన్న తక్కువ వ్యయముతో పోయెడిది.

కావున పని యీ వరుసను జరుగవలయును. మొదట చెమ్మ యెచటినుండి వచ్చుచున్నదో కనుగొనుడు. పైకప్పు పగులు, గొట్టపు అతుకు, స్నానపుగది నేల, పునాదినుండి యెక్కు నీరు, ఈ నాలుగింటిలో నొకటి తరచుగా కారణమగును. గోడపై తెల్లని పొర లేచినచో, అది మన చవుటినేలలో పేరుకొను ఉప్పు వంటిదే. నీరు ఉప్పును వెలికి దెచ్చి ఆరిపోయినదని గ్రహింపవలయును. అనుమానమున్నచో జేనెడు ప్లాస్టిక్కు ముక్కను నాలుగంచుల టేపుతో గోడకు అంటించి రెండు దినము లుంచుడు. గోడవైపు తడి పట్టినచో చెమ్మ గోడలో నున్నది. గదివైపు పట్టినచో గాలి యాడకపోవుట దోషము.

గోడ బాగుగా నారిన తరువాతనే వెల్ల వేయవలయును. సున్నపు వెల్ల గోడను ఊపిరాడనిచ్చును. నూనెరంగు తడిని లోపల బంధించును. పాత నూనెరంగుపై సున్నము నిలువదు గనుక దానిని గీకి తీయవలయును. సున్నమును వడకట్టి, కొంచెము బంక కలిపి, పలుచగా రెండు మూడు పూతలు వేసిన చాలును. ఇరుకు సందులలోని గదులకు ఎండ తక్కువ. తెల్లని కప్పును, లేతరంగు గోడలును ఉన్న వెలుతురును రెట్టించి చూపును. గాఢమైన రంగులు గదిని చిన్నది చేయును.

తరువాత కిటికీలకు దోమతెర బిగింపవలయును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దొరవారు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనిరి. ఆ నగరమున దోమతెర విలాసము కాదు. డెంగీ దోమ నిలువయుంచిన మంచినీటిలో పెరుగును గనుక నీటితొట్లకు మూతలుండవలయును.

పిదప చదువరికి వలసిన వస్తువులు: గోడకు గట్టి గూళ్లు, బట్టలకు కొక్కెములు, ఒక బల్ల, దానిపై పడునట్లు మంచి దీపము, బల్లదగ్గర ఎర్తు తీగ గల ప్లగ్గు. ఆడపిల్లలుండు ఇంటికి లోపలి గడియ గట్టిగా నుండవలయును. మెట్లపై రాత్రి దీపము వెలుగవలయును. తలిదండ్రులు రంగు కంటె ముందు వీనినే చూతురు. 2000 ఆగస్టు 24న నగరమున ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన కురియగా హుస్సేనుసాగరు నాలా పొంగి లోతట్టు బస్తీలు మునిగినవి. నాలా దాపున క్రిందియంతస్తు గదులు గలవారు ప్లగ్గులను ఎత్తున పెట్టింపవలయును. కొయ్యబీరువాలను నేల కానించి చేయింపరాదు.

చట్టమును మరువరాదు. వేరొడంబడిక లేనిచో, ఇంటివా డెరిగియుండి, అద్దెదారు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును ముందుగా తెలుపవలెనని 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టము 108వ సెక్షను విధించుచున్నది. చెమ్మను రంగుతో కప్పుట ధర్మము కాదు సరికదా, న్యాయమును గాదు. ఇంటనున్న వస్తువుల జాబితా వ్రాసి, ఇరువురును సంతకములు చేసి, చెరియొక ప్రతి యుంచుకొనినచో అడ్వాన్సు తిరిగి యిచ్చునపుడు తగవుండదు.

కడపటి మాట వ్యయమును గూర్చినది. పంటకై తెచ్చిన అప్పును పట్టణపు గోడలపై పూయరాదు. ఒక సంవత్సరపు అద్దెలో కొంత భాగమును ప్రత్యేకించి, ఏటేట వానలకు ముందు మరమ్మతు చేయించుట మేలు. ఆ గదికి వచ్చువాడు పరాయివాడని తలపకుడు. మన బిడ్డయే పెట్టె చేతబట్టి ఆ ఊరి గుమ్మమున నిలిచినపుడు ఎట్టి గది దొరకవలెనని కోరుదుమో, అట్టి గదినే మనమును ఇత్తుము గాక.