లినక్సునకు క్రొత్తవారు

విద్యార్థులారా! లినక్సు కెర్నెలు ప్రథమరూపమును 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి వెలువరించెను. దానిపై నిర్మితమైన ఉబుంటునకు క్రొత్తగా వచ్చినవారికి వ్రాతకోతలకు లిబ్రే ఆఫీసు, అంతర్జాలమునకు ఫైర్‌ఫాక్సు, పాటలకు వీఎల్‌సీ చాలును. మూడును వెల లేనివే.

తెలుగు వ్రాయువారికి మాత్ర మొక చిక్కు గలదు. యూనికోడునకు పూర్వపు ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను నిలుపుకొన్నవి. ఆ ఫాంటు లేని యంత్రమున పాత వ్రాత తెరచినచో అర్థములేని ఆంగ్లాక్షరములే కనబడును. నేను వ్రాసి దాచుకొన్న ప్రశ్నపత్రము లెన్నియో అట్లయినవి. ఆనాటి నా ముఖ మెవరును చూడకుండుటయే మేలైనది. యూనికోడునందు ‘అ’కారమునకు 3077 అను సంఖ్య స్థిరము, ఏ యంత్రమైనను దానిని ‘అ’గానే చదువును. కావున ఐబస్ సాధనమున తెలుగును చేర్చుకొని వ్రాయుడు. పాత వ్రాతలను, పాత యంత్రమును విడువకమునుపే, యూనికోడులోనికి మార్చుకొనుడు.