మాంద్యం కాలంలో మట్టి ట్రాకులు

కార్ల పందెం అనగానే మనకు టీవీలో చూసిన ఫార్ములా వన్ కళ్ల ముందు మెదులుతుంది. మన ప్రాంతం వరకు చూస్తే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. తళతళలాడే కార్లు, వాటి నిండా కంపెనీల పేర్లు, కోట్లలో ఖర్చు. "ఇది డబ్బున్న మారాజుల ఆట, మన హాస్టల్ సంచికలో దీనికేం పని?" అని మిత్రులు అడగవచ్చు.

అయితే ఈ ఆటకు ఇంకో ముఖం ఉంది. అమెరికాలో చిన్న పట్టణాల శివార్లలో వందలాది చిన్న ట్రాకులు ఉన్నాయి. అక్కడ శనివారం రాత్రి పందెంలో దిగేవాడు కోటీశ్వరుడు కాడు. పగలు గ్యారేజీలో పనిచేసే మెకానిక్, ఇళ్లకు పైపులు వేసే ప్లంబరు, పాడి రైతు, లారీ డ్రైవరు. ఇంటి ఖర్చులు పోగా మిగిలిన డబ్బుతో, ఇంటి వెనక షెడ్డులో తానే బిగించుకున్న కారుతో పోటీకి వస్తాడు. ఇలాంటి ఆటకు కష్టకాలం వస్తే ఏమవుతుంది? ఎవరు మానుకుంటారు, ఎవరు నిలబడతారు, ఎలా నిలబడతారు? ఈ సంగతి తెలుసుకుంటే మన ఆటల గురించి కూడా కొంత తెలుస్తుందని మా నమ్మకం.

శనివారం రాత్రి ఆట

ఈ ట్రాకులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. చుట్టుకొలత చాలావాటికి పావు మైలు నుంచి అర మైలు, అంటే సుమారు 400 నుంచి 800 మీటర్లు. కొన్ని తారువి, ఎక్కువ భాగం బంకమట్టివి. పందేనికి ముందు నీళ్లు చల్లి, చదును చేసి, మట్టిని గట్టిపరుస్తారు. ఒహాయో రాష్ట్రంలో ఎల్డోరా ట్రాకును 1954లో ఎర్ల్ బాల్టెస్ అనే ఆయన ప్రారంభించాడు. అయోవాలోని నాక్స్‌విల్‌లో 1961 నుంచి ఏటా పెద్ద పోటీ జరుగుతోంది. నార్త్ కరోలినాలోని బౌమన్ గ్రే స్టేడియంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న పావు మైలు ట్రాకు మీద 1949 నుంచి పందేలు నడుస్తున్నాయి.

మన పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపే రైతును తలచుకుంటే ఈ మనుషులు మనకు సులభంగా అర్థమవుతారు. బహుమతి కోసమే అయితే ఆ రైతు అంత దాణా పెట్టడు. ఊరి ముందు తన జత నిలబడాలి, అంతే. కానీ వర్షాలు లేని ఏడు మొదట తగ్గేది ఆ దాణాయే. ఈ కార్ల సంగతీ అంతే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ట్రాకు యజమానికి ఆదాయం నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటి, ప్రేక్షకుల టిక్కెట్లు. రెండు, పోటీదారులూ వారి సహాయకులూ లోపలికి రావడానికి కట్టే రుసుము. మూడు, తినుబండారాలు, కూల్‌డ్రింకుల అమ్మకం. నాలుగు, గోడల మీద స్థానిక వ్యాపారుల ప్రకటనలు. ఇందులోంచే బహుమతి సొమ్ము, దీపాల కరెంటు, అంబులెన్సు, బీమా అన్నీ భరించాలి.

పోటీదారుడి ఖర్చు టైర్లు, ఇంధనం, ఇంజను మరమ్మతు. పందెం కారు రోడ్డు మీద నడవదు. దాన్ని ట్రైలరు మీద ఎక్కించి ఇంకో బండితో లాక్కుపోవాలి. కనుక ఇంధనం ధర పెరిగితే దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. గెలిచినా వచ్చే బహుమతి చాలాసార్లు ఆ రాత్రి ఖర్చుకే చాలదు. మిగతాది జీతంలోంచో, కారు మీద పేరు రాయించుకునే ఊళ్లోని షాపువాడి సాయంతోనో పూడ్చుకోవాలి.

2008లో ఏం జరిగింది?

2008 జులైలో అమెరికాలో పెట్రోలు సగటు ధర గాలనుకు (సుమారు 3.8 లీటర్లు) 4 డాలర్లు దాటింది. సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. ఇళ్ల నిర్మాణం అప్పటికే పడిపోయింది. 2009 ఏప్రిల్‌లో క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరాయి. అదే అక్టోబరుకు నిరుద్యోగం 10 శాతానికి చేరింది.

ఈ వార్తలకూ మట్టి ట్రాకుకూ సంబంధం ఏమిటని అనుకోవద్దు. ఇళ్ల పనులు ఆగితే ప్లంబరుకు, వడ్రంగికి పని లేదు. పందెంలో దిగేది వాళ్లే, గ్యాలరీలో కూర్చునేదీ వాళ్లే. క్రైస్లర్ కంపెనీ ఒక్కటే 2009లో 789 మంది డీలర్లతో ఒప్పందాలు రద్దు చేసుకుంది. ఊళ్లో కార్ల డీలరు అంటే చాలాచోట్ల ట్రాకు గోడ మీద ప్రకటన వేయించే మనిషి. ఆ షాపు మూతపడితే ఆ ప్రకటనా పోతుంది.

దీంతో ఒక గొలుసు మొదలవుతుంది. పోటీకి వచ్చే కార్లు తగ్గితే ఆట పలచబడుతుంది. ఆట పలచబడితే జనం తగ్గుతారు. జనం తగ్గితే బహుమతి సొమ్ము తగ్గుతుంది. అది తగ్గితే దూరం నుంచి వచ్చేవాడు ఇంధనం ఖర్చు లెక్కేసుకుని ఇంట్లోనే ఉండిపోతాడు. కందిపప్పు ధర పెరిగిన నెల మెస్సులో పప్పు పలచబడటం మనకు తెలిసిన విషయమే. మూకుడు మాత్రం అంతే ఉంటుంది!

కష్టకాలంలో ఇంకో వింత కూడా ఉంది. పెద్ద పందెం చూడాలంటే ప్రయాణం, హోటలు, ఖరీదైన టిక్కెట్టు కావాలి. అవి మానుకున్న కుటుంబం కూడా సరదా పూర్తిగా మానుకోదు. పక్క ఊళ్లోనే తక్కువ ధరకు దొరికే ఆటకు పోతుంది. కనుక ధర అందుబాటులో ఉంచుకుని, వేళకు ఆట ముగించే చిన్న ట్రాకుకు మాంద్యంలోనూ కొంత ఊపిరి ఉంటుంది.

పైవాడి లెక్క వేరు, కిందివాడి లెక్క వేరు

2008 డిసెంబరులో హోండా కంపెనీ ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది. మరుసటి ఏడు బీఎండబ్ల్యూ, టయోటా కూడా తప్పుకున్నాయి. హోండా వదిలేసిన జట్టును రాస్ బ్రాన్ నామమాత్రంగా ఒక్క పౌండుకు తీసుకుని 2009లో ప్రపంచ విజేతను చేశాడు. పెద్ద కంపెనీ ఒక సమావేశంలో నిర్ణయం తీసుకుని వెళ్లిపోతుంది, మళ్లీ బాగుంటే తిరిగి వస్తుంది. హోండా అలాగే 2015లో ఇంజన్ల సరఫరాదారుగా తిరిగి వచ్చింది.

కిందివాడికి అలాంటి వెసులుబాటు లేదు. ఇంటి అద్దె కట్టడానికి ఇంజను అమ్ముకున్నవాడు మళ్లీ కొనేసరికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పిల్లలు పెద్దవుతారు, నడుము వంగుతుంది. పైన మూతపడ్డది వార్త అవుతుంది. కింద మానుకున్నవాడి పేరు ఎక్కడా రాదు.

ఖర్చును అదుపులో పెట్టే నియమాలు

ఈ ఆట ఇంతకుముందూ కష్టకాలం చూసింది. 1930ల మహామాంద్యంలో పెద్ద కార్లు పెట్టలేనివారు చిన్న కార్లు కట్టుకున్నారు. 1933లో కాలిఫోర్నియాలో మొదలైన ఆ 'మిడ్జెట్' పందేలు కొద్ది కాలంలోనే దేశమంతా పాకాయి. అదే ఏడు ఒహాయోలోని డేటన్ పట్టణంలో కొందరు పిల్లలు పనికిరాని చెక్కపెట్టెలకు చక్రాలు తగిలించి, ఇంజను లేకుండా వాలు మీదుగా జారుతుంటే మైరన్ స్కాట్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు చూశాడు. ఆయన చొరవతో 1934లో అఖిల అమెరికా సోప్ బాక్స్ డెర్బీ మొదలైంది. ఈనాటికీ అది జరుగుతోంది.

తర్వాతి కాలంలో ఖర్చును పట్టి ఉంచడానికి మంచి ఉపాయాలు పుట్టాయి. వాటిలో మాకు బాగా నచ్చినది 'క్లెయిమ్' నియమం. గెలిచినవాడి ఇంజనును ముందే నిర్ణయించిన తక్కువ ధరకు ఓడినవాడు అడిగి తీసుకోవచ్చు. ఇవ్వనంటే గెలుపూ, బహుమతీ పోతాయి. ఇక ఇంజను మీద లక్షలు పోసేవాడు ఎవడు? 1979లో ఐఎంసీఏ అనే సంస్థ ప్రారంభించిన 'మోడిఫైడ్' తరగతి కార్లు ఈ నియమంతోనే సామాన్యులకు చేరువయ్యాయి.

రెండోది, ఫ్యాక్టరీలోనే సీలు వేసిన ఇంజను. అందరూ అదే వాడాలి. సీలు తెరిచి మార్పులు చేస్తే అనర్హత. మూడోది, అందరికీ ఒకే రకం టైర్లు, అవి కూడా లెక్క ప్రకారం. 2006లో కాలిఫోర్నియాలో మొదలైన '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' పందెమైతే కారు ఖరీదు 500 డాలర్లు మించకూడదని షరతు పెట్టింది. మాంద్యం ఏళ్లలోనే అది దేశమంతా విస్తరించింది. గమనించండి, ఆ 500 డాలర్లలో బ్రేకులు, రక్షణ పంజరం, సీటు బెల్టుల ఖర్చు కలపరు. ఆటను చవక చేయవచ్చు కానీ ప్రాణాన్ని చవక చేయకూడదన్నదే ఇందులో ఉన్న వివేకం. కష్టకాలంలో అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. గడువు తీరిన బెల్టును ఇంకో ఏడాది లాగుదాంలే అనిపిస్తుంది.

పోయిన నేల తిరిగి రాదు

కారు అమ్మితే మళ్లీ కొనవచ్చు. ట్రాకు నేల అమ్ముడుపోతే మాత్రం కష్టం. ఫీనిక్స్ నగరంలో 1951 నుంచి నడిచిన మాన్‌జనీటా మట్టి ట్రాకు 2009 ఏప్రిల్‌లో మూతపడింది. స్థలం ఓ కంపెనీ చేతికి పోయింది. మాంద్యం వెళ్లిపోయినా ఆ ట్రాకు తిరిగి రాలేదు.

నార్త్ విల్క్స్‌బరో ట్రాకు కథ కాస్త వేరు. 1947లో మొదలై, 1996లో పెద్ద పందేలు పోగొట్టుకుంది. 2010లో తెరిచి, మరుసటి ఏడే మళ్లీ మూతపడింది. చాలా ఏళ్లు చెట్లు, తుప్పల పాలయ్యాక, కరోనా సహాయ నిధుల్లోంచి ప్రభుత్వం 1 కోటి 80 లక్షల డాలర్లు కేటాయించింది. 2022 ఆగస్టులో స్థానిక పందేలతో అది తిరిగి తెరుచుకుంది. ఎంత డబ్బు పోస్తే ఒక్క ట్రాకు బతికిందో చూడండి!

నిలిచిన వాటిలో కొన్నింటిని గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది. నాక్స్‌విల్ ట్రాకు మేరియన్ కౌంటీ సంత మైదానంలో ఉంది, దాన్ని నడిపేది ఆ సంత సంఘమే. బౌమన్ గ్రే స్టేడియం 1930ల మాంద్యంలో, మన కరువు పనుల వంటి ప్రభుత్వ ఉపాధి పనుల కింద, ఊరి కోసం కట్టినది. ఒక కష్టకాలంలో ఉమ్మడి సొమ్ముతో కట్టిన చోటు తర్వాతి కష్టకాలాల్లో కూడా ఆటకు నీడనిచ్చింది.

2020లో కరోనా వచ్చినప్పుడు టిక్కెట్ల ఆదాయమే ఆగిపోయింది. మే 8న నాక్స్‌విల్‌లో ప్రేక్షకులు లేకుండానే పందెం జరిపి, ఇళ్లలో ఉన్నవారికి ఇంటర్నెట్ ద్వారా డబ్బు తీసుకుని చూపించారు. 2022లో టైర్ల కొరత వచ్చింది, జూన్‌లో పెట్రోలు గాలనుకు 5 డాలర్లు దాటింది. అప్పుడూ ట్రాకులు టైర్ల వాడకానికి పరిమితి పెట్టుకుని నెట్టుకొచ్చాయి.

కింది మెట్టు విరిగితే

ఇదంతా ఎవరికి సంబంధించిన విషయం? లూయీ హామిల్టన్ తండ్రి ఆంథోనీ, కొడుకు కార్టింగ్ ఖర్చుల కోసం ఒక దశలో ఏకకాలంలో నాలుగు పనులు చేశాడు. 1998లో మెక్‌లారెన్ జట్టు ఆ అబ్బాయిని చేరదీసింది. 2008లో, అదే మాంద్యం ఏడు, అతను తొలిసారి ప్రపంచ విజేత అయ్యాడు. మన దేశంలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో తక్కువ ఖర్చు పందెం కారు తయారు చేశాడు. ఆ 'ఫార్ములా మారుతి' పందేల్లో ఓనమాలు దిద్దినవారిలో 2005లో ఫార్ములా వన్ చేరిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ ఒకరు. నరేన్ ఇంట్లో పందేల వాతావరణం ముందే ఉంది, ఆయన తండ్రి ర్యాలీ విజేత. అయినా చవకైన తొలి మెట్టు ఒకటి దగ్గర్లో ఉండటం ఎంత మేలో ఇక్కడ కనిపిస్తుంది.

ఆ మెట్టు లేకపోతే ఆట ఆగదు. పైన పోటీలు జరుగుతూనే ఉంటాయి, టీవీలో వస్తూనే ఉంటాయి. కాకపోతే అందులో ఉండేది డబ్బున్నవారి పిల్లలే. ప్రతిభ ఉండీ డబ్బు లేనివాడు ఎక్కడ ఆగిపోయాడో ఎవరికీ తెలియదు. మాంద్యం ఆటకు చేసే అసలు నష్టం ఇదే.

మిత్రులారా, మన హాస్టల్లో కార్లు లేవు. కబడ్డీ కోర్టు ఉంది, వాలీబాల్ నెట్టు ఉంది, ఆడటానికి ఇంత జాగా ఉంది. నిధులు తగ్గిన ఏడు మొదట కోత పడేది వీటికే. అప్పుడు ఆ ట్రాకులవాళ్లు చేసినట్టే మనమూ చేయాలి. ఒకరి ఖరీదైన బూట్లు ఇంకొకరిని ఆటకు దూరం చేయకుండా అందరికీ ఒకే నియమం పెట్టుకోవాలి. ఉన్న సామాను పంచుకోవాలి. దెబ్బలు తగలకుండా చూసే వస్తువుల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి మీరిచ్చే షీల్డులు, కప్పులు మాకు సంతోషమే. వాటితోపాటు హాస్టల్ ఆటస్థలం కొలతలు రికార్డుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, చుట్టూ ప్రహరీ పడేలా అధికారులతో మాట్లాడండి. బంతి చిరిగితే మేం చందాలేసుకుని కొనుక్కుంటాం. జాగా పోతే ఏ చందాతోనూ తెచ్చుకోలేం.