వనరుల శాపం - విజయనగరం మాంగనీసు: రిచర్డ్ ఆటీ సిద్ధాంతంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఉత్తరాంధ్రను గురించిన వ్యాసాలలో వనరుల సమృద్ధినీ, వలసల పేదరికాన్నీ పక్కపక్కన నిలిపి ఆశ్చర్యపడటం ఆనవాయితీ అయింది. ఆ వైరుధ్యానికి అర్థశాస్త్రంలో ‘వనరుల శాపం’ అని పేరు. 1993లో వెలువడిన గ్రంథంతో ఈ పదబంధానికి ప్రాచుర్యం కల్పించినవారు లాంకాస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రిచర్డ్ ఆటీ. అంతకు మూడేళ్ల ముందు ఆయన చమురు సంపద గల ఎనిమిది వర్ధమాన దేశాల పారిశ్రామికీకరణను పరిశీలించారు. తరువాత జాంబియా, పెరూ, జమైకా వంటి ఖనిజ దేశాల వైపు దృష్టి మళ్లించారు. గనులున్న దేశాలు చాలావరకు మందకొడిగా ఎదిగాయన్నది ఆయన నిర్ధారణ. అయితే దానిని తప్పించుకోలేని నియమంగా కాక, పదేపదే కనిపించే ధోరణిగానే ఆయన భావించారు. మెరుగైన ఫలితాలు సాధించిన చిలీ కూడా ఆ అధ్యయనంలోనిదే. ఈ మెలకువ తరువాతి ప్రస్తావనలలో చాలావరకు జారిపోయింది.

‘శాపం’ అనే తెలుగు మాట కూడా ఇందుకు కొంత కారణం కావచ్చు. వాడుకలో అది తలరాతకు పర్యాయమైంది. పురాణాలలో మాత్రం శాపానికి ఇచ్చినవారుంటారు, కారణముంటుంది, విమోచనమూ ఉంటుంది. ఆటీ ఆలోచనకు ఈ రెండవ అర్థమే దగ్గర.

దేశం నుండి జిల్లాకు:

ఈ సిద్ధాంతాన్ని జిల్లాకు అన్వయించడంలో ఒక చిక్కు ఉంది. ఖనిజ ఎగుమతులు పెరిగినప్పుడు దేశపు ద్రవ్యం విలువ పెరిగి, ఇతర ఎగుమతులు దెబ్బతింటాయి. దీనినే ‘డచ్ వ్యాధి’ అంటారు. విజయనగరానికి సొంత ద్రవ్యం లేదు కనుక ఈ వివరణ ఇక్కడ నేరుగా వర్తించదు. జిల్లా స్థాయిలో అడగవలసినవి రెండు ప్రశ్నలు: ఖనిజం మీది భాటకం ఎవరికి చేరింది? గని చుట్టూ మరే పరిశ్రమ మొలిచింది?

భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలో నాటి విశాఖపట్నం జిల్లాలో, అంటే నేటి విజయనగరం ప్రాంతంలో మొదలైంది. గర్భాం, కోడూరు గనులు ప్రసిద్ధికెక్కాయి. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఇక్కడి ఒక శిలకు ‘కోడూరైట్’ అని పేరు పెట్టారు. కోడూరు పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది, ధాతువు ఓడకెక్కింది. ఆనాటికి దేశంలో ఆధునిక ఉక్కు పరిశ్రమ నిలదొక్కుకోలేదు. కనుక ముడి ఖనిజం విదేశీ కొలిములకే పోయింది. మరికొన్నేళ్లకు మధ్యపరగణాల గనులు ఉత్పత్తిలో ముందుకు వెళ్లాయి. 1931లో రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయి, 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్నాక, ఆ ధాతువుకు విజయనగరం దారి అయింది. గరివిడిలో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం వచ్చేసరికి 1950లు వచ్చాయి. అంటే తవ్వకానికీ, ఖనిజాన్ని ఇక్కడే కరిగించడానికీ నడుమ దాదాపు ఆరు దశాబ్దాలు గడిచాయి. పైగా ఈ కొలిమికి ఖనిజం కంటే విద్యుత్తే పెద్ద అవసరం. గని పక్కన ఉన్నంత మాత్రాన దానికి మనుగడ ఖాయం కాదు.

భాటకం కథ మరోటి. 1802 నాటి శాశ్వత పైసలా కింద ఇది జమీందారీ ప్రాంతం. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1957 గనుల చట్టం వచ్చాక రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరింది. యజమాని మారాడు గాని, గని ఉన్న ఊరికి చట్టబద్ధమైన వాటా దక్కలేదు. 2015 సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఈ వరుసలో తొలి మినహాయింపు. అంతకు ముందరి లీజులపై కంపెనీ రాయల్టీకి అదనంగా దానిలో 30 శాతం, వేలంలో పొందిన లీజులపై 10 శాతం ఈ నిధికి చెల్లించాలి. అంటే పాత లీజుదారు నూరు రూపాయల రాయల్టీ కడితే, మరో ముప్ఫై రూపాయలు జిల్లాలోనే ఉంటాయి.

రాయల్టీ తక్కువైతే నిధీ తక్కువే. కాబట్టి మొత్తం ఎంత అన్న లెక్కతో పరిశోధకులు ఆగిపోకూడదు. గరివిడి, మెరకముడిదాం మండలాలలో ఏ పనికి ఎంత ఖర్చయింది, ఆ పనులను గ్రామసభ ఎంచుకుందా, కార్యాలయం ఎంచుకుందా అన్నది పరిశీలించాలి. 2006లో మెహ్లమ్, మోయెనె, టోర్విక్‌లు సంస్థల నాణ్యతను బట్టే వనరుల ఫలితం మారుతుందని వాదించారు. ఆ వాదాన్ని దేశాల పట్టికలలో కాక, పంచాయతీ తీర్మానాల పుస్తకాలలో పరీక్షించే వీలు ఇక్కడ ఉంది.